ఎదుటి స్థలంలో వయ్యారిభామ

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)

ఈ వేళ మీతో ఒక మొక్కను గురించి ముచ్చటించాలని వచ్చాను. మొక్క అనగానే ఏ గులాబీకి అంటుకట్టడమో, కుండీలో కరివేపాకు పెంచడమో చెబుతుంది కాబోలని కాగితం, కలం పుచ్చుకు కూర్చున్నవాళ్ళుంటే కాసేపు వాటిని పక్కన పెట్టండి. ఇది పెంచుకునే మొక్క కాదు. మనం విత్తనం వెయ్యకపోయినా, చెంబెడు నీళ్ళు పొయ్యకపోయినా, తనంత తాను మన గుమ్మం దాకా వచ్చి నిలబడే మొక్క. దాని పేరు వయ్యారిభామ.

ఎవరు పెట్టారో గానీ ఆ పేరు, వాళ్ళ చమత్కారానికి దణ్ణం పెట్టాలి. అమృతంలాంటి పళ్ళిచ్చే చెట్టుకి ఇలాంటి పేరు పెట్టిన పాపాన పోలేదు. చూడ్డానికి నాజూగ్గా వుండి లోపల విషం పెట్టుకున్న మొక్కకి మాత్రం ఆడపేరు కావలసివచ్చింది! పోనీ మనవాళ్ళే ఇలా అనుకుందామా అంటే, శాస్త్రజ్ఞులూ ఏమీ తక్కువ తినలేదు. 1753లో లిన్నేయస్ అనే మహానుభావుడు దీనికి పార్థీనియం హిస్టెరోఫోరస్ అని పేరు పెట్టాడు. గ్రీకు భాషలో పార్థెనోస్ అంటే కన్య. రెండో మాటలో వున్నదేమో గర్భసంచి! సరే, పేరు సంగతి అలా వుంచండి. ఈ మొక్క మా ఇంట్లో చేసిన నిర్వాకం చెబుతాను వినండి.

మా ఇల్లు వూరికి కాస్త ఎడంగా లేచిన కాలనీలో వుంది. మా గుమ్మానికి సరిగ్గా ఎదురుగా మూడు వందల గజాల ఖాళీస్థలం. దాని ఆసామి అమెరికాలో వుంటాడు. ప్రహరీ లేదు, కంచె లేదు. ఇళ్ళు కట్టేవాళ్ళు మిగిలిపోయిన ఇసుకా, ఇటుక ముక్కలూ అందులోనే పారబోస్తూ వుంటారు. మేము కాపరానికి వచ్చిన మొదటి సంవత్సరం వానలు పడగానే ఆ చెత్తంతా కప్పేసి పచ్చగా తివాచీ పరిచినట్టయింది. క్యారట్ ఆకులాగా చీలికలు చీలికలుగా వున్న ఆకులు, నేలని కరుచుకుని గుండ్రంగా. నెలా పదిహేను రోజులు తిరిగేసరికి నడుమెత్తు లేచి, నెత్తి నిండా తెల్లటి బుల్లి బుల్లి పూలు. నేనైతే మురిసిపోయాను. ఒకసారి మా ఇంట్లో పేరంటం పెట్టుకుని, ఆ తెల్లపూల కొమ్మలు నాలుగు విరిచి తెచ్చి, గులాబీల మధ్య గుచ్చి గాజుకూజాలో అమర్చాను కూడా. వచ్చినవాళ్ళందరూ ఎంత బాగుందో అన్నారు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మా మామగారు రిటైరైన స్కూలు మేష్టారు. డెబ్బయి దాటినా ఓపికైన మనిషి. పొద్దున్నే కాఫీ తాగి, చేతుల్లేని బనియనుతో వరండాలో పడక్కుర్చీ వేసుకుని కూర్చుంటే తొమ్మిదింటిదాకా పేపరు వదలరు. మూడో ఏడు శ్రావణమాసంలో ఆయనకి మెడ చుట్టూ దురద మొదలైంది. తరవాత మోచేతుల మడతల్లోకి పాకింది. ఆ తరవాత కనురెప్పల మీద. ఎర్రగా కందడం, నీరు కారడం, పొక్కు కట్టడం, మళ్ళీ గోకడం. చలికాలం వెళ్ళి ఎండలు ముదిరేసరికి కాస్త తగ్గినట్టే వుండేది. మళ్ళీ వానలు పడితే మొదటికి వచ్చేది. రెండేళ్ళు తిరిగేసరికి మెడమీద చర్మం మందమై, నల్లబడి, చెట్టు బెరడులా తయారైంది.

మా అత్తగారు ముందు పథ్యం పెట్టారు. వంకాయ మానిపించారు, గోంగూర మానిపించారు, చివరికి ఆవకాయ కూడా మానిపించారు. ఆవకాయ లేనిదే ముద్ద దిగని మనిషి, పెరుగన్నం ముందు చిన్నపిల్లాడిలా కూర్చుంటే చూడలేకపోయేవాళ్ళం. వేపాకు కాచిన నీళ్ళ స్నానం అయింది. పసుపూ కొబ్బరినూనే అయింది. తరవాత మందుల షాపులో అడిగి ఎవరో తెచ్చిన ట్యూబు అయింది. అది రాసిన నాలుగు రోజులూ మంత్రించినట్టు తగ్గేది, మానగానే రెట్టింపయేది. పైగా దానివల్ల చర్మం పల్చబడుతుందని తరవాత తెలిసింది. చివరికి తప్పు నా నెత్తి మీదికి వచ్చింది. కోడలు బట్టలు సరిగ్గా జాడించడం లేదు, సబ్బు వుండిపోతోంది, అందుకే దురదలు అన్నారు. రెండేళ్ళు ఆ నింద మోశాను. ఆయన బనియన్లు నాలుగేసి నీళ్ళలో జాడించేదాన్ని. సబ్బులు మూడు రకాలు మార్చాను.

అదైనా ఫరవాలేదు. చుట్టుపక్కలవాళ్ళు అది అంటుజబ్బేమోనని గుసగుసలు మొదలుపెట్టారు. మా వారి అక్క కొడుకు పెళ్ళిలో మామగారి పక్కన భోజనానికి కూర్చోవడానికి ఒకాయన తటపటాయించి, ఏదో వంక పెట్టి లేచిపోయాడు. మామగారు ఒక్క మాటా అనలేదు. ఆ రోజు నుంచి శుభకార్యాలకి రావడం మానేశారు. మా చిన్నవాడు ఎప్పుడూ తాతగారి ఒళ్ళోనే పడుకునేవాడు. ఆయనే వాణ్ణి దగ్గరికి రానివ్వడం మానేశారు. తన తువ్వాలు, తన గ్లాసు వేరే పెట్టుకున్నారు. ఆయన చెయ్యి ఎక్కడ తగిలితే పిల్లలకి ఎక్కడ అంటుకుంటుందోనని ఆయన భయం. మేము కాదని గట్టిగా చెప్పలేకపోయాం. మాకు మాత్రం ఏం తెలుసు?

ఆఖరికి మా ఆడపడుచు పట్టుబట్టి చర్మవ్యాధుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆవిడ చాలాసేపు చూసి, ముందు మందు రాయకుండా ప్రశ్నలు మొదలుపెట్టింది. ఏ నెలల్లో ఎక్కువవుతుంది? పగలు ఎక్కడ కూర్చుంటారు? ఒంటిమీద బట్ట కప్పిన చోట వుందా, లేదా? మేము ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. నిజమే సుమా, నడుం దగ్గర లేదు, తొడల మీద లేదు. గాలి తగిలే చోటే వుంది. 'మీ ఇంటి దగ్గర ఖాళీ జాగా ఏమైనా వుందా?' అని అడిగింది డాక్టరమ్మ. నాకు ఎదుటి స్థలం, ఆ తెల్లపూలూ, గాజుకూజా వరసగా కళ్ళముందు కనిపించాయి.

తరవాత వీపు మీద చిన్న చిన్న పట్టీలు అంటించి పరీక్ష చేశారు. ఒక్కొక్క పట్టీలో ఒక్కొక్క పదార్థం పెట్టి, రెండు రోజులు తడవకుండా వుంచి, తీసి చూస్తారు. వయ్యారిభామ సారం పెట్టిన చోట ఎర్రగా పొంగి, బొబ్బ తేలింది. సబ్బు పట్టీ దగ్గర ఏమీ లేదు. ఇంటికి వచ్చాక మా అత్తగారు నాతో ఏమీ అనలేదు గానీ, ఆ సాయంత్రం కాఫీ ఆవిడే కలిపి నా చేతికిచ్చారు. నాకదే చాలు లెండి.

డాక్టరమ్మ చెప్పిన సంగతి మీకు కూడా చెబుతాను. ఈ మొక్క ఆకుల మీదా కాండం మీదా సన్నటి నూగు వుంటుంది. అందులోనూ, పూలలోనూ పార్థెనిన్ అనే పదార్థం వుంటుంది. మొక్క ఎండినప్పుడు ఆ నూగూ, ఆకుపొడీ గాలిలో లేచి మెడమీద, కళ్ళమీద, చేతులమీద వాలతాయి. అంచేత ఈ జబ్బు రావడానికి మొక్కని తాకనక్కర్లేదు. వరండాలో కూర్చుంటే చాలు! పుప్పొడి పీల్చినందువల్ల కొందరికి తుమ్ములు, ముక్కు కారడం, కళ్ళదురద వస్తాయి. ఉబ్బసం వున్నవాళ్ళకి ఆయాసం ఎక్కువవుతుంది. అందరికీ వస్తుందా అంటే రాదు. ఒకరు పదేళ్ళు ఆ మొక్కల మధ్య తిరిగినా ఏమీ కాదు. ఇంకొకరికి కొన్నేళ్ళు ఏమీ లేకుండా వుండి, ఉన్నట్టుండి మొదలవుతుంది. ఒకసారి ఒంటికి పడకపోవడం అంటూ మొదలైతే సాధారణంగా జన్మంతా వుంటుందిట. ఇది మనిషి నుంచి మనిషికి అంటదు. డాక్టరమ్మ ఆ మాట చెప్పినప్పుడు మామగారు రెండోసారి అడిగారు, 'పిల్లలకి అంటదు కదమ్మా?' అని. ఆవిడ 'అంటదు మేష్టారూ' అంది. ఆ రాత్రి మా చిన్నవాడు తాతగారి పక్కలోనే పడుకున్నాడు.

ఇంకో చిక్కు చెప్పింది ఆవిడ. వయ్యారిభామ చామంతి కుటుంబానికి చెందిన మొక్క. చామంతి, బంతి, పొద్దుతిరుగుడు, గుంటగలగర అన్నీ ఆ కుటుంబంలోవే. ఒకదానికి పడని ఒళ్ళు ఒక్కోసారి దాని చుట్టాలకి కూడా పడదు. మామగారికి చామంతి కూడా పడడం లేదు. పూజగదిలోకి చామంతులు తేవడం మానేశాం. మందారాలూ నందివర్ధనాలూ వుండనే వున్నాయి.

పూజ అంటే గుర్తొచ్చింది. ఈ సంగతి మీరందరూ చెవిన వేసుకోవాలి. వినాయకచవితికి ఇరవై ఒక్క పత్రితో పూజ చేస్తాం కదా. అందులో మొదటిది మాచీపత్రం. పట్నాలలో మాచిపత్రి మొక్క ఎంతమంది చూశారు చెప్పండి? అది కూడా చామంతి కుటుంబంలోదే, ఆకు కూడా చీలికలు చీలికలుగానే వుంటుంది. చవితినాటికి వయ్యారిభామ వీధివీధినా నిండుగా వుంటుంది. ఇంకేముంది, పిల్లలు కోసుకొచ్చేదీ అదే. మా ఇంట్లో ఏటా పత్రి ఏరి వరస పెట్టేది మామగారే. చవితి వెళ్ళిన వారానికి ఆయన జబ్బు ముదిరేదన్న మాట అప్పటిదాకా మాకు తట్టలేదు. తేడా తెలుసుకోవడం కష్టం కాదు. మాచిపత్రి ఆకు వెనకవైపు తెల్లటి నూగుతో బూడిద పూసినట్టు వుంటుంది, నలిపితే మంచి వాసన. వయ్యారిభామ ఆకు రెండువైపులా ఇంచుమించు ఒకటే రంగు, ఆ పరిమళం వుండదు. అనుమానం వస్తే నలిపి చూడొద్దు, పక్కన పడెయ్యండి. మాచిపత్రి దొరక్కపోతే అక్షతలతో సరిపెట్టుకుంటే వినాయకుడు ఏమీ అనుకోడు.

అసలు ఇది మన దేశపు మొక్కే కాదు. మెక్సికో సింధుశాఖ చుట్టుపక్కల ప్రాంతాలు దీని పుట్టిల్లు. మన దేశంలో 1955లో పుణె నగరంలో కొన్ని మొక్కలు కనిపించాయని వృక్షశాస్త్రజ్ఞులు రాశారు. ఆ రోజుల్లో తిండిగింజల కొరత వచ్చి అమెరికా నుంచి గోధుమలు తెప్పించుకున్నాం. ఆ గోధుమల్లో కలిసి దీని గింజలు వచ్చాయని అందరూ చెప్పుకునే మాట. అంతకన్నా చాలా ముందే ఇక్కడ వుందనే శాస్త్రజ్ఞులూ వున్నారు. కాంగ్రెస్ గడ్డి అని ఇంకో పేరు. కాంగ్రెస్ ప్రభుత్వం తెప్పించిన గోధుమలతో వచ్చింది గనక అని కొందరూ, తెల్లటోపీలాంటి పువ్వు గనక అని కొందరూ అంటారు. ఎలా వచ్చినా, ఇరవై ఏళ్ళు తిరక్కుండానే దేశమంతా కాళ్ళు చాపింది. 1975లో కర్ణాటక ప్రభుత్వం దీన్ని చట్టప్రకారం హానికరమైన కలుపుమొక్కగా ప్రకటించింది. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్‌కి టెక్సాస్ నుంచి తెప్పించుకున్న పచ్చిక విత్తనాల్లో చేరి వెళ్ళిందిట. మన ఒక్కళ్ళ గొడవే కాదన్నమాట.

దీని పువ్వును ఒక్కసారి దూరం నుంచైనా పరకాయించి చూడండి. మనం పువ్వు అనుకునేది ఒక్క పువ్వు కాదు, చామంతిలాగే చిన్న చిన్న పూల గుత్తి. అంచున అయిదు మూలల్లో అయిదు పూలు వుంటాయి. ఆ అయిదూ తలా ఒక్క గింజ ఇస్తాయి. మధ్యలో వున్నవి మగపూలు, పుప్పొడి ఇస్తాయంతే. అయిదు గింజలేనా అని తేలిగ్గా తీసెయ్యకండి. బలంగా పెరిగిన ఒక్క మొక్క మీద వేలకొద్దీ గుత్తులుంటాయి. మొత్తం మీద 15,000 నుంచి 25,000 గింజల దాకా రాలుస్తుందని లెక్క. గింజలు నలకంత వుండి గాలికి ఎగురుతాయి, వాననీటిలో కొట్టుకుపోతాయి, లారీ చక్రాల బురదకీ మన చెప్పులకీ అంటుకుంటాయి. తడి తగిలితే చాలు మొలుస్తాయి. పడిన గింజ నేలలో కొన్నేళ్ళు బతికే వుంటుంది. మా ఇంటి ముందు ఇసుక లారీ దిగిన చోటల్లా ముందు ఇదే మొలుస్తుంది.

పశువులు దీన్ని ముట్టవు. మేత లేక, గత్యంతరం లేక తింటే పాలు చేదెక్కుతాయి. నోరులేని జీవానికే అంత తెలిస్తే మనకెందుకు తెలియలేదో!

ఇక నేను చేసిన అసలు తప్పు చెప్పాలి. ఇది చెప్పడానికే ఈ ప్రసంగం ఒప్పుకున్నాను.

డాక్టరమ్మ చెప్పి పంపగానే నాకు ఆవేశం వచ్చింది. ఆ స్థలం ఆసామి నెంబరు సంపాదించి మా వారు ఫోను చేస్తే, 'వచ్చే సంవత్సరం ఇల్లు మొదలుపెడతాం లెండి' అన్నాడు. పురపాలకం వారికి అర్జీ పెడితే ప్రైవేటు స్థలంలో మేము చెయ్యి పెట్టలేం అన్నారు. సరే, మనమే పీకించేద్దామనుకుని మా ఇంట్లో గిన్నెలు తోమే మనిషిని అడిగాను. 'రెండ్రోజుల పని, ఆరువందలిస్తాను' అన్నాను. 'అదెంత పని అమ్మగారూ' అని ఆవిడ చీరచెంగు దోపుకుని దిగింది. అప్పుడు మొక్కలు నిండు పూత మీద వున్నాయి. ఉత్త చేతులతో పీకింది. ఒళ్ళోకి వేసుకుని మోసింది. నేను గుమ్మంలో నిలబడి టీ ఇచ్చాను. చేతికి ఏదైనా చుట్టుకో అని కూడా అనలేదు. మామగారి మెడ అలా అయిందని కళ్ళారా చూస్తూ కూడా, ఆవిడ చేతులకీ చర్మమే వుంటుందని నాకు తోచలేదు.

మూడోనాడు ఆవిడ పనికి రాలేదు. అయిదోనాడు నేనే వాళ్ళింటికి వెళ్ళాను. రెండు చేతులూ మోచేతులదాకా వాచి, వేళ్ళ సందుల్లో నీటిపొక్కులు. కళ్ళు తెరవలేకుండా వుంది. వాళ్ళు దిష్టి తగిలిందని మిరపకాయలు తీసి పొయ్యిలో వేశారు. పెళ్ళికి ముందు వూళ్ళో పొలాల్లో ఏళ్ళ తరబడి ఈ మొక్కే కూలికి పీకిన మనిషిట ఆవిడ. లోపల ఎప్పుడో అంటుకుని వున్నది ఇప్పుడు బయటపడిందన్నమాట. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను, మందులిప్పించాను. కానీ మూడు వారాలు సబ్బునీళ్ళలో చెయ్యి పెట్టకూడదన్నారు. గిన్నెలు తోమి బతికే మనిషికి అది ఎంత మాటో ఆలోచించండి. మేము కాక ఇంకా మూడిళ్ళలో చేస్తుంది ఆవిడ. నేను వెళ్ళి ఆ ఇళ్ళవాళ్ళకి జరిగింది చెప్పి, జీతం కొయ్యొద్దని అడిగాను. రెండిళ్ళవాళ్ళు సరే అన్నారు. మూడో ఇంటివాళ్ళు వేరే మనిషిని పెట్టేసుకున్నారు. ఆ ఇల్లు ఆవిడకి పోయినట్టే. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. అనివుంటే బాగుండేది.

అంచేత, మీరు కూడా ఈ మొక్కని చూసి ఆవేశపడి ఎవరో కూలిమనిషిని పిలిచి అందులోకి తోసెయ్యకండి. చెయ్యవలసిన తీరు వేరే వుంది.

మొట్టమొదటిది, సమయం. వానలు పడిన రెండు మూడు వారాల్లో, మొక్క ఇంకా నేలబారున గుండ్రంగా వుండగా, పూత రాకముందే తియ్యాలి. తడినేలలో వేరుతో సహా సులువుగా వస్తుంది. కొడవలితో పైపైన కోస్తే మొదలు మళ్ళీ చిగిర్చి ఇంకా గుబురుగా లేస్తుంది. చేతులకి మందపాటి రబ్బరు తొడుగులు వుండాలి. లేకపోతే రెండేసి ప్లాస్టిక్ సంచులు తొడుక్కుని మణికట్టు దగ్గర కట్టుకోవచ్చు. పూర్తి చేతుల చొక్కా, ముక్కుకీ నోటికీ గుడ్డ. మా వారి పాత చొక్కాలు మూడు ఈ పనికే కేటాయించాను. పని అవగానే ఆ బట్టలు విడిగా ఉతికి, స్నానం చేసి గానీ పిల్లల్ని ఎత్తుకోకండి. ఉబ్బసం వున్నవాళ్ళూ, ఇదివరకే దురదలున్నవాళ్ళూ దగ్గరికి రానేకూడదు. నిండుగా పూసి ఎండిపోయిన మొక్కల్ని కదిలించకుండా, కాస్త నీళ్ళు చల్లి తడిపి తీస్తే పొడి లేవదు. పీకినవాటిని ఇళ్ళ మధ్య కుప్పపోసి నిప్పు పెట్టకండి. ఆ పొగలో మొక్కపొడి లేచి ఇంకా నాలుగిళ్ళకి పాకుతుంది.

పూత రాని మొక్కలైతే లోతుగా గొయ్యి తీసి, ఒక వరస మొక్కలు, ఒక వరస మట్టి, మధ్యలో పేడనీళ్ళు పోస్తూ నింపి, పైన మట్టితో మెత్తేస్తే కొన్ని నెలల్లో మంచి ఎరువవుతుంది. పూత వచ్చినవాటిని మాత్రం ఎరువులో వెయ్యకండి. గింజలు చావకపోతే మన చేతులతో మనమే కుండీల్లో నాటుకున్నట్టు.

గోడవారలా, రాళ్ళ సందుల్లో పీకడానికి అందని చోట ఉప్పునీళ్ళు చల్లవచ్చు. లీటరు నీళ్ళకి 200 గ్రాముల మామూలు ఉప్పు. ఎండ వున్న రోజు ఆకులన్నీ తడిసేలా చల్లితే వాడిపోతుంది. ఇది పూలమొక్కల దగ్గరా, కూరపాదుల దగ్గరా మాత్రం పనికిరాదు. ఉప్పు పడిన నేలలో మన మొక్కలూ బతకవు. మా పక్కింటావిడ నా మాట సగం విని, సన్నజాజి పాదులో పోసింది. ఆవిడ ఇప్పటికీ నాతో కాస్త ముభావంగానే వుంటుంది.

పీకిన చోట నేలని ఖాళీగా వదిలితే మళ్ళీ అదే వస్తుంది. పోటీగా ఇంకోటి లేపాలి. మన తగిరిస మొక్క వుంది చూశారూ, దానికి ఈ భామని అణిచే శక్తి వుందని వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెబుతారు. బంతి కూడా పనికొస్తుందిట. తగిరిస గింజలు కార్తీక మాసంలో తెచ్చి చల్లి వుంచితే తొలకరికి ముందుగా అదే లేచి నీడ పట్టేస్తుంది.

దీన్ని తినే పురుగు కూడా ఒకటుంది. మెక్సికో నుంచే తెప్పించారు. ఇల్లాలి సంగతి పుట్టింటివాళ్ళకే తెలుస్తుందంటారు కదా! 1983లో బెంగుళూరుకి తెచ్చి పరీక్షించి, 1984లో బయట వదిలారు. పెసరగింజ కన్నా కాస్త పెద్దగా, మీగడరంగు వీపు మీద గోధుమరంగు చారలతో ముద్దుగా వుంటుంది. మధ్యలో అది పొద్దుతిరుగుడు ఆకుల మీద కనిపించిందని రైతులు భయపడ్డారు. శాస్త్రజ్ఞులు చూస్తే, వయ్యారిభామ పుప్పొడి రాలిన ఆకుల్నే అది కొరికిందని తేలింది. వానాకాలంలో మాత్రం చురుగ్గా తిని, ఎండలు వస్తే మట్టిలోకి దూరి నిద్రపోతుంది. అంచేత దాని మీదే భారం వెయ్యలేం. మీ వీధిలో చారల పురుగులు ఈ మొక్కమీద కనిపిస్తే మాత్రం మందు కొట్టి చంపకండి.

ఒక మాట మరిచాను. గడ్డి చామంతిని చూసి ఇదే అనుకుని పీకేస్తున్నవాళ్ళని చూశాను. పాపం అది అమాయకురాలు. నేలమీద పాకుతుంది, పొడుగాటి కాడ చివర ఒకే ఒక పువ్వు, మధ్యలో పచ్చగా వుంటుంది. చిన్నప్పుడు వేలు తెగితే మా అమ్మమ్మ దాని ఆకు పసరే పిండేది.

మొక్కల కుటుంబాల్లోనూ మంచివాళ్ళుంటారు. ఈ వయ్యారిభామకి స్వయానా తోబుట్టువు లాంటిది, అదే పార్థీనియం జాతిలోది, గ్వాయూలే అని ఒక పొద వుంది. మెక్సికో, టెక్సాస్ ఎడారి నేలల్లో పెరుగుతుంది. దాని కాండంలోనూ వేళ్ళలోనూ రబ్బరు వుంటుంది. రెండో ప్రపంచయుద్ధంలో 1942లో జపాను వాళ్ళు తూర్పు దేశాల రబ్బరు తోటల్ని పట్టుకున్నప్పుడు, అమెరికా ప్రభుత్వం ఈ పొదని కాలిఫోర్నియాలో పెద్దఎత్తున వేయించింది. యుద్ధం అయిపోగానే మళ్ళీ మరిచిపోయింది. మామూలు రబ్బరు తొడుగులు పడని డాక్టర్లూ, నర్సులూ వుంటారు కదా, వాళ్ళ కోసం గ్వాయూలే రబ్బరుతో చేసిన తొడుగులకి 2008లో అమెరికాలో అనుమతి ఇచ్చారు. అక్క చేతులు పాడుచేస్తుంటే చెల్లెలు చేతులకి తొడుగు ఇస్తోందన్నమాట!

ఇప్పుడు మా వీధి సంగతి చెప్పి ముగిస్తాను. తొలకరి పడిన రెండో ఆదివారం మా వరసలో తొమ్మిదిళ్ళ నుంచి ఆడామగా అందరం తొడుగులు వేసుకుని ఎదుటి స్థలంలోకి దిగుతాం. రెండు గంటల పని. మొదటి ఏడు నలుగురం వున్నాం, ఇది నాలుగో ఏడు. ఆసామికి ఫోటోలు పంపితే, నిరుడు గింజల ఖర్చు పంపించాడు, పాపం. రోడ్డు అవతల కాలవగట్టు నిండా ఇంకా వుంది, దాని మీదికి ఇంకా పోలేదు. ఆగస్టులో వారం రోజులు ఈ మొక్క గురించి దేశమంతటా ప్రచారం చేస్తారు. ఆ వారంలో మా పిల్లల స్కూల్లో ఒక మొక్కని గాజుపెట్టెలో పెట్టి చూపించమని అడగాలనుకుంటున్నాం.

మామగారికి పూర్తిగా తగ్గలేదు. తగ్గదని డాక్టరమ్మ ముందే చెప్పింది. వానల్లో పూర్తి చేతుల చొక్కా వేసుకుంటారు, మెడకి పల్చటి కండువా. ఆవిడ రాసిన మందు ఆవిడ చెప్పినన్ని రోజులే రాస్తాం. ఆ మందు పేరు ఇక్కడ చెప్పను, మీరు వెంటనే షాపుకి పంపించి తెప్పించుకుంటారు! ఆవకాయ మాత్రం మళ్ళీ తింటున్నారు. మా గిన్నెలు తోమే మనిషి ఆ పోయిన ఇంటి బదులు మా ఆడపడుచు ఇంట్లో కుదిరింది. మేము స్థలంలోకి దిగే ఆదివారం ఆవిడ మాత్రం గేటు దాటి రాదు. మా వరండాలో మామగారి కుర్చీకి దూరంగా నిలబడి, 'అమ్మగారూ, ఆ ఇటుకల వెనక ఇంకోటుంది, కళ్ళు పెట్టి చూడండి' అని కేకలు వేసి చూపిస్తుంది. కిందటిసారి మామగారు కళ్ళజోడు సవరించుకుని, 'ఒకటి కాదే, రెండు' అన్నారు.